స్పాట్ అడ్మిషన్ రోజు గేటు దగ్గర తోపులాట, ముందే ఎవరికి చెప్పాలి?

అందరికీ నమస్కారం. మా చెల్లికి వచ్చే వారం పీజీ స్పాట్ అడ్మిషన్ ఉంది, యూనివర్సిటీ పేరు వద్దులెండి. పోయినేడు అక్కడే మా కజిన్ వెళ్తే టోకెన్లు లేవు, బారికేడ్లు లేవు, పొద్దున్నుంచి ఎండలో నిలబెట్టి ఒక్కసారిగా ఒకే చిన్న గేటు తీశారట, తోపులాటలో ఇద్దరు అమ్మాయిలు కింద పడ్డారు. ఈసారి నోటీసులో కూడా అందరికీ ఒకటే టైమ్, ఉదయం 10 గంటలు! ర్యాంకుల వారీగా టైమ్ ఇస్తే వీళ్ల సొమ్మేం పోతుందో.

2012 జనవరిలో జోహానెస్‌బర్గ్ యూనివర్సిటీ గేటు దగ్గర ఇలాగే సీట్ల కోసం వచ్చిన జనం తోసుకుంటే, కొడుకుతో వచ్చిన ఒక తల్లి చనిపోయింది. అది చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

రిజిస్ట్రార్‌కి మెయిల్ పెడితే చూస్తారా, లేక స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే అర్జీ ఇవ్వడం మేలా? విద్యార్థి సంఘాల ద్వారా టోకెన్లు పెట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైల్ పట్టుకుని ఆ గుంపులో ఎలా నిలబడాలో కూడా చెప్పండి ప్లీజ్, నాన్నగారు తోడు వెళ్తానంటున్నారు, ఆయనకి బీపీ.