నీట్‌లో 468, బీసీ-డి, తెలంగాణ లోకల్. గవర్నమెంట్ ఎంబీబీఎస్ సీటు వస్తదా?

ప్రశ్న (జగిత్యాల నాన్న):
అందరికీ నమస్తే. మా పాపకు నీట్ 2025ల 468 వచ్చినయి, ఆలిండియా ర్యాంకు లక్షకు కొంచెం లోపు. బీసీ-డి, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా కరీంనగర్‌లనే చదివింది. మా తోడల్లుడు ఏమంటున్నడంటే 468కి ఏం రాదు, లాంగ్‌టర్మ్ కోచింగ్‌ల వేసి మళ్ళ రాయించు, లేకుంటే ప్రైవేట్ కాలేజీల బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటు మాట్లాడుకో అని. ఒక కన్సల్టెన్సీ ఆయన ఇప్పుడే అడ్వాన్స్ కడితే సీటు మా పేరున ఆపిపెడతా అంటున్నడు, పాపేమో అన్నం సరిగ్గ తింటలేదు. నిజంగ చాన్స్ ఎంతుందో తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
సార్, ముందు ఆ అడ్వాన్స్ కట్టకండి. బీ కేటగిరీ సీట్లు కూడా నీట్ మెరిట్ మీద యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు, ముందే ఎవరూ ఆపిపెట్టలేరు.
ఇక మార్కులు. 2024లో 650 వచ్చినోళ్ళకు కూడా ర్యాంకు 30 వేల దగ్గర పడింది, ఈసారి పేపర్ ఎంత టఫ్ అంటే దేశం మొత్తం మీద 600 దాటినోళ్ళు 1,400 మంది కూడా లేరు, ఫస్ట్ ర్యాంకుకే 686 మార్కులు. అందుకే పోయినేడు మార్కులతో పోల్చి పిల్లను భయపెట్టడం చాలా తప్పు. ర్యాంకుతో ర్యాంకు పోల్చండి, రాసినోళ్ళు రెండేళ్ళూ 22, 23 లక్షలే కదా.
మన కౌన్సెలింగ్ నడిపే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ సైట్‌లో 2024 అలాట్‌మెంట్ పీడీఎఫ్‌లు దొరుకుతాయి. పేరు పక్కన కేటగిరీ, జెండర్, సీటు ఏ కోటాలో పడిందో కోడ్ ఉంటుంది. బీసీ-డి అమ్మాయిలవి మాత్రం తీసి కాలేజీ వారీగా చివరి ర్యాంకు రాసుకోండి, ఎన్‌సీసీ, కాప్ (సైనికుల పిల్లల కోటా), దివ్యాంగుల సీట్లు కలపొద్దు. ఫస్ట్ రౌండ్ ఒక్కటే చూసి ఆగకండి, చివరి రౌండ్ దాకా చూడండి.
నా అంచనా అయితే కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వం ఫీజు పెట్టే మెరిట్ సీట్లలో, సీటు వస్తుంది. ఉస్మానియా, గాంధీ కష్టం.

జవాబు 2:
పై అన్న చెప్పింది కరెక్ట్. 2022 నుంచి 2024 దాకా మన దగ్గర కొత్త గవర్నమెంట్ కాలేజీలే 25 వచ్చినయ్, మీ జగిత్యాలది, కరీంనగర్‌ది, సిరిసిల్లది అందులోవే, పాత కటాఫ్‌లు మనసులో పెట్టుకున్నోళ్ళకు ఇది తెలీదు. పైగా అమ్మాయిలకు 33 శాతం ఉంది. ప్రైవేట్ కాలేజీలో కన్వీనర్ కోటా (ఎ-కేటగిరీ) సీటు పడ్డా ఏడాదికి 60 వేలు, అదే బీ కేటగిరీ అయితే 11, 12 లక్షలపైనే, కోర్సు మొత్తానికి లెక్కేసుకోండి.

జవాబు 3:
లోకల్ సంగతి కూడా చూసుకోండి అండి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు నాలుగేళ్ళ రూల్‌ను సమర్థించింది, కొన్ని మినహాయింపులు తప్ప 9 నుంచి ఇంటర్ దాకా తెలంగాణలో చదివినోళ్ళకే లోకల్. మా అక్క కొడుకు ఇంటర్ విజయవాడలో చదివాడు, ఇంట్లో ఒకటే టెన్షన్. మీ పాపకు ఆ బాధ లేదు, స్టడీ సర్టిఫికెట్లు మాత్రం అన్ని క్లాసులవీ రెడీగా పెట్టండి.

జగిత్యాల నాన్న:
చాలా థాంక్స్ అందరికీ. పాపను పక్కన కూర్చోబెట్టుకొని పీడీఎఫ్ తీస్తున్న. కౌన్సెలింగ్‌ల కాలేజీల ఆప్షన్లు ఎన్ని పెట్టాలె?

జవాబు 1:
కాలేజీలు ఎన్ని ఉంటే అన్నీ పెట్టండి సార్. వస్తుందా రాదా అని చూడకుండా మీకు ఇష్టమైన వరసలోనే పెట్టండి, గాంధీ పైన పెట్టినంత మాత్రాన కింద కరీంనగర్ సీటు పోదు. ఫీజు కట్టే స్తోమత లేని కాలేజీ మాత్రం అసలు పెట్టొద్దు.