వీరగల్లు: మ్యూజియం పలకపై ఒక మాట

గత ఆదివారం మన నగరంలోని ఒక మ్యూజియంలో పోరులో మరణించిన వీరుడి జ్ఞాపకార్థం నిలిపిన నిలువెత్తు శిల్పఫలకం ముందు నిలబడి ఉండగా, పక్కనే ఉన్న ఒక పిల్లవాడు దాని పేరు పలకపై ‘వీరగల్లు’ అని చదివి, ‘‘అమ్మా, రాతికి కల్లు అని పేరెందుకు?’’ అని అడిగాడు. ఆ ప్రశ్నకు అక్కడ జవాబు దొరకలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కల్లు అంటే రాయి. తమిళంలో రాయి ‘కల్’, తాగే కల్లు ‘కళ్’. కన్నడంలో కూడా ఒకటి ‘కల్లు’, మరొకటి ‘కళ్ళు’. తెలుగులో ఆ రెండూ ఒకే రూపానికి రావడంతో, రాయి అనే అర్థం విడిమాటలో మరుగున పడి సమాసాల్లో మిగిలింది. పెళ్లిలో వధువు చేత తొక్కించే సన్నికల్లు అదే. ఓరుగల్లు అదే, ఒంటి రాయి అన్న అర్థంలోనే ఆ ఊరిని సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు. సన్నికల్లులో ‘క’ నిలిచింది, ఓరుగల్లులోనూ వీరగల్లులోనూ ‘గ’ అయింది.

నేను చూసిన ఫలకం మూడు అంతస్తులుగా ఉంది. కింద కత్తి ఎత్తిన వీరుడు, అతని కాళ్ల దగ్గర ఆవులు. పశువుల మందను కాపాడబోయి ప్రాణం విడిచాడని ఆ ఆవులే చెబుతున్నాయి. నడుమ అతన్ని చెరోవైపు పట్టుకొని తీసుకెళ్తున్న అప్సరసలు. పైన శివలింగం ముందు చేతులు జోడించి కూర్చున్నది కూడా అతడే. అన్నిటికంటే మీద సూర్యుడు, చంద్రవంక. శాసనాల్లో మనం చదివే ‘ఆచంద్రార్కం’ (సూర్యచంద్రులు ఉన్నంతకాలం) అన్న మాటను శిల్పి అక్షరాలు లేకుండా రాశాడని నాకు అనిపించింది.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: ఈ తరం పిల్లలకు తెలియని మాట కదండీ, పలకపై ‘వీరశిల’ అని రాస్తే సరిపోదా? మా ఊరి చెరువుగట్టు మీద ఇలాంటి రాయే ఉంది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి మొక్కుతారు గాని, వీరగల్లు అని ఎవరూ అనరు.

నా సమాధానం: వీరశిల తప్పు మాట కాదండీ, అర్థమూ సులువే. అయినా పలకపై వీరగల్లునే ఉంచి, దాని కింద ‘కల్లు అంటే రాయి, సన్నికల్లు, ఓరుగల్లు చూడండి’ అని ఒక్క వాక్యం చేర్చాలని నా అభిప్రాయం. ఆ ఒక్క వాక్యంతో పిల్లవాడికి మూడు మాటలు ఒకేసారి తెలుస్తాయి. ఇక మీ ఊరి రాయి సంగతి నాకు ఇంకా ముఖ్యంగా తోస్తున్నది. ఊరి నుంచి మ్యూజియానికి చేరిన రాయికి శాస్త్రీయమైన పేరు మిగులుతుంది గాని, మొక్కినవారు పిలిచిన పేరు చాలాసార్లు వెంట రాదు. మీ పెద్దవాళ్లు ఆ రాయిని ఏ పేరుతో పిలుస్తారో, పైభాగంలో సూర్యచంద్రులు ఉన్నారో లేదో చూసి, దయచేసి ఇక్కడ రాయగలరా?