ఇంట్లో కర్రీ పఫ్: కొన్న షీట్లు పొంగడం లేదు, అడుగు పచ్చిగా ఉంటోంది

ప్రశ్న (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. ఉదయం ఏడుంబావుకే స్కూలు బస్సు వస్తుంది. ఇడ్లీ పెట్టినా ఉప్మా పెట్టినా రెండు ముద్దలు తిని లేచిపోయే పిల్లవాడు, బేకరీ కర్రీ పఫ్ మాత్రం చివరి పొర దాకా తింటాడు. రోజూ బయటి తిండి పెట్టడం నాకు ఇష్టం లేక, సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో దొరికే పఫ్ షీట్లు తెచ్చి ఇంట్లోనే చేయాలని పూనుకున్నాను. ఇప్పటికి రెండుసార్లు చేశాను, రెండుసార్లూ చెడిపోయాయి.

మొదటిసారి మధ్యాహ్నం పూట ప్యాకెట్ బయటికి తీసి, చపాతీ పిండిని నాననిచ్చినట్టే వంటగది గట్టు మీద గంటసేపు ఉంచాను. షీట్లు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోతే చేత్తో విడదీశాను. బంగాళాదుంప కూర పొయ్యి మీద నుంచి దించిన వెంటనే పెట్టి, మడిచి, ఓటీజీలో (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు కాల్చాను. కాలుతున్నంతసేపూ నెయ్యి ట్రేలోకి కారిపోయి పఫ్‌లు అందులో వేగినట్టుగా చిటపటలాడాయి. పైన రంగు వచ్చింది కానీ అడుగు తెల్లగా, పచ్చి పిండిలాగే ఉంది. విరిచి చూస్తే పొరలే లేవు, మందపాటి బిస్కెట్టు విరిగినట్టు విరిగింది. రెండోసారి షీట్లను బయట అరగంటే ఉంచాను. ఆ రోజు అంచులు విచ్చుకుని కూర ట్రేలోకి వచ్చేసింది.

లోపం షీటులో ఉందా, ఓవెన్‌లో ఉందా, నా చేతిలో ఉందా? మా అత్తగారు గుడ్డు ముట్టరు కనుక పైన గుడ్డు పూయకుండా ఆ మెరుపు ఎలా తేవాలో కూడా చెప్పగలరు. ముందురోజు రాత్రే కొంత పని ముగించుకునే మార్గం ఉంటే ఇంకా మేలు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

మీ షీట్లలో తప్పేమీ లేదండీ. చపాతీ పిండి అలవాటు ఇక్కడ పనికిరాదు, అంతే. చపాతీ పిండి ఎంత నానితే అంత మెత్తన. పఫ్ షీటు చల్లగా ఉన్నంతసేపే పఫ్ షీటు. చల్లటి షీటును కత్తితో కోసి అంచును దగ్గరగా చూడండి, పుస్తకం పేజీలను పక్క నుంచి చూసినట్టు సన్నని గీతలు కనిపిస్తాయి. ఒక గీత మైదా, దాని పక్క గీత కొవ్వు. గంటసేపు గట్టు మీద ఉంచిన షీటును కోస్తే ఆ గీతలు కనపడవు, కొవ్వు కరిగి మైదాలో ఇంకిపోయి అంతా ఒకే ముద్ద అయి ఉంటుంది. మీరు పఫ్ విరిచినప్పుడు పొరలు కనపడకపోవడానికి కారణం అదే.

నేను ప్యాకెట్‌ను ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి తీసి, కింద పాలగిన్నె పెట్టే అరలోకి మారుస్తాను. తెల్లవారేసరికి విరగకుండా వంగేంత మెత్తబడి, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. ఒక్కో షీటునే బయటికి తీస్తాను, తక్కినవి లోపలే ఉంటాయి. వేలితో నొక్కినప్పుడు జిడ్డు అంటుకుందంటే ఇక పని ఆపి, పళ్లెంతో సహా పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టేస్తాను. మన ఎండాకాలంలో ఫ్యాన్ కింద అయినా సరే ఒక షీటుకు ఐదారు నిమిషాలకు మించి సమయం ఉండదు.

కత్తి పదునుగా ఉండాలి. కత్తిని లాగకుండా పై నుంచి కిందికి ఒకే నొక్కుతో కోయండి, లాగితే అంచు పొరలు నలిగి అతుక్కుపోతాయి. మిగిలిన ముక్కలను ఉండ చేసి మళ్లీ వత్తడం కూడా వద్దు, ఒకదాని మీద ఒకటి పేర్చి వత్తుకోండి.

జవాబు (బేకరీలో పనిచేసిన మాస్టర్, విజయవాడ)

అమ్మా, పై వారు చెప్పినది అక్షరాలా నిజం. ఇరవై ఏళ్లకు పైగా పఫ్ పిండి మడతపెట్టిన చేతులు కనుక దానికి కారణం కూడా చెబుతాను.

మైదా ముద్ద మధ్యలో కొవ్వు పలక పెట్టి వత్తి మూడు మడతలు వేస్తాం, మళ్లీ వత్తి మళ్లీ మడుస్తాం. ఇలా ఆరుసార్లు మడిస్తే కొవ్వు 729 పొరలవుతుంది. ఓవెన్ వేడికి పిండిలోనూ కొవ్వులోనూ ఉన్న నీరు ఆవిరి అవుతుంది. నీరు ఆవిరిగా మారితే సుమారు 1,600 రెట్లు చోటు కావాలి. బయటికి పోదామంటే పైన కొవ్వు పొర అడ్డుగా ఉంటుంది కనుక ఆ ఆవిరి పై పొరను ఎత్తుతుంది. పఫ్ పొంగడమంటే ఇదే, ఇందులో ఈస్ట్ గాని వంటసోడా గాని లేదు. అందుకే కొవ్వు ఓవెన్‌లోకి వెళ్లేదాకా గట్టిగా ఉండాలి, వెళ్లిన తరువాత ఆవిరి ఒక్కసారిగా పుట్టాలి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో మన ఊళ్లో బయట 40 దాటుతుంది, పొయ్యి వెలిగే వంటగది సంగతి మీకు తెలియనిది కాదు. బేకరీల్లో వాడే పఫ్ మార్జరిన్, అంటే నూనెలతో చేసే వెన్నలాంటి కొవ్వు, వెన్నకన్నా ఎక్కువ వేడికి గాని కరగదు. అయినా మేము తెల్లవారుజామునే ఐసు నీళ్లతో పిండి కలిపి, రాతి బల్ల మీద పని ముగించేవాళ్లం.

ఇక మీ ఓవెన్. 180 డిగ్రీలు చాలవు. వేడి చాలకపోతే ఆవిరి పుట్టేలోగానే కొవ్వు కరిగి ట్రేలోకి కారుతుంది, మీరు విన్న చిటపటలు అవే. 200 డిగ్రీలు పెట్టి, పై కాయిలు, కింది కాయిలు రెండూ వేసి, ఖాళీగా పదిహేను నిమిషాలు కాగనివ్వండి. ట్రేను కింది అరలో పెట్టండి. చిన్న ఓటీజీలో పై కాయిలు మరీ దగ్గర కావడం వల్ల, మధ్య అరలో పెడితే అడుగు కాలక ముందే పైన రంగు వచ్చి ఉడికిందని మనల్ని మోసం చేస్తుంది. మొదటి పదిహేను నిమిషాలు తలుపు తెరవకండి. ఇరవై రెండు, ఇరవై ఐదు నిమిషాలకు ఒక పఫ్‌ను అట్లకాడతో ఎత్తి అడుగు చూడండి. అడుగు కూడా పైభాగంలాగే ఎర్రబడి, ఎత్తితే చేతికి తేలికగా అనిపించాలి. పైన తొందరగా రంగు వస్తే చివరి ఐదు నిమిషాలు 180కి తగ్గించవచ్చు. ఓటీజీ మీటలు చాలావాటిలో అటూ ఇటూ ఉంటాయి, ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొనుక్కుంటే మీటను నమ్ముకునే అవసరం ఉండదు.

గుడ్డు పూయనివారు కాచి చల్లార్చిన చిక్కటి పాలలో చిటికెడు పంచదార కలిపి బ్రష్‌తో పూయండి. గుడ్డు ఇచ్చినంత మెరుపు రాదు గాని రంగు చక్కగా వస్తుంది. పాలైనా గుడ్డయినా పైభాగానికే పూయాలి. కోసిన అంచుల మీద కారితే అక్కడ పొరలు అతుక్కుపోయి ఆ పక్క లేవదు.

ప్రశ్న అడిగినవారు

మాస్టర్ గారూ, ఇంత ఓపికగా చెప్పినందుకు కృతజ్ఞతలు. కూర వేడిగా పెట్టడం తప్పని ఇప్పుడు అర్థమైంది. అయితే రెండోసారి కూర చల్లారిన తరువాతే పెట్టాను, అప్పుడే అంచులు విచ్చుకున్నాయి. మరి అది ఎందువల్ల? కొంచెం జారుగా ఉన్న మాట నిజమే, చపాతీల్లోకి చేసే కూర లాంటిదే పెట్టాను. ఎయిర్ ఫ్రయర్‌లో చేయవచ్చా అన్నది మరో సందేహం.

జవాబు (కొరిటెపాడు, గుంటూరు)

మీ సందేహంలోనే జవాబు ఉందండీ. చపాతీ కూరలో ఉన్న నీరు లోపల ఆవిరై, దారి లేక అంచును తన్నుకుని వస్తుంది. పోనిది అడుగు పొరను నానబెడుతుంది. పఫ్ కూర ఎంత పొడిగా ఉండాలంటే, చెంచాతో తీసి బోర్లిస్తే ముద్దగా పడాలి, చెంచాకు తడి మిగలకూడదు.

నేను చేసే పద్ధతి చెబుతాను. పావుకిలో బంగాళాదుంపలను ముక్కలుగా కోయకుండా తొక్కతోనే ఉడికిస్తాను, ముక్కలు చేసి ఉడికిస్తే నీళ్లు తాగుతాయి. రెండు పెద్ద ఉల్లిపాయలను సన్నగా, నిలువుగా తరిగి, నూనెలో వేయగానే ఉప్పు చల్లుతాను. ఉప్పు ఉల్లిలోని నీటిని ముందే లాగేస్తుంది కనుక ఆ నీరు మూకుడులోనే ఇగిరిపోతుంది, పఫ్ లోపలికి రాదు. ఉల్లి ఎర్రబడ్డాక అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, పసుపు, కారం, కొద్దిగా గరం మసాలా, ఉడికిన బఠాణీలు వేసి, దుంపను చేత్తో చిదిపి కలుపుతాను. టమాటా వేయను. దించేముందు ఒక పెద్ద చెంచా పుట్నాల పప్పు పొడి చల్లితే మిగిలిన తడి కూడా అది పీల్చుకుంటుంది, రుచి కూడా మన ఇంటి వేపుడు రుచిలా ఉంటుంది. కారం సంగతిలో ఒక జాగ్రత్త. మైదా, కొవ్వు కలిసి ఘాటును అణిచేస్తాయని ఎక్కువ వేయబోతాం, కానీ మన గుంటూరు కారం పిల్లలకు పెట్టే పఫ్‌లో అర చెంచా దాటనవసరం లేదు. కూరను వెడల్పాటి పళ్లెంలో పరిచి, పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో కూడా కాసేపు పెట్టండి.

చదరానికి, అంటే సుమారు నాలుగంగుళాల ముక్కకు, రెండు చెంచాల కూర చాలు. చుట్టూ అర అంగుళం ఖాళీ వదిలి, లోపలి అంచుకు తడి వేలు రాసి, మడిచి ఫోర్కుతో నొక్కండి. పైన కత్తి మొనతో రెండు చిన్న గాట్లు పెట్టండి. ఆవిరికి మనమే దారి ఇస్తే అది అంచు జోలికి పోదు. గుడ్డు తినేవారికైతే పది నిమిషాలు ఉడికించిన గుడ్డును సగానికి కోసి, తడి తుడిచి, కోసిన వైపు కూర మీదికి ఉండేలా బోర్లించండి.

ఎయిర్ ఫ్రయర్‌లో మా చెల్లెలు చేస్తుంది. గాలి వేగానికి పై పొర లేచి ఎగిరి మాడే ప్రమాదం ఉంది, అడుగు కూడా మెత్తగా ఉండిపోతుంది. చేయక తప్పకపోతే 180 డిగ్రీల వద్ద పెట్టి చివర్లో తిరగేయాలి. ఓటీజీ ఉండగా నేనైతే దాని జోలికి వెళ్లను.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

రాత్రి పని సంగతి మరిచిపోయాను. కూర పెట్టి మడిచిన పచ్చి పఫ్‌లను బటర్ పేపర్ పరిచిన పళ్లెంలో ఎడంగా పేర్చి ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక మూత బిగువుగా ఉన్న డబ్బాలోకి మార్చుకోండి. ఉదయం కరగనివ్వకుండా, గడ్డగా ఉన్నవాటికే పాలు పూసి నేరుగా కాగిన ఓవెన్‌లో పెట్టండి, ఐదారు నిమిషాలు ఎక్కువ పడుతుంది. నిజానికి ఇలా చేసినవే నాకు బాగా పొంగుతాయి. గుడ్డు పెట్టినవాటిని మాత్రం ఫ్రీజ్ చేయకండి, తెల్లసొన రబ్బరులా అవుతుంది.

షీట్లు కొనేటప్పుడు ప్యాకెట్ లోపల మంచు గడ్డలు కట్టి ఉంటే తీసుకోవద్దు, అది ఎక్కడో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన సరుకు. తక్కిన సామాను అంతా అయ్యాక చివరగా ఫ్రీజర్ దగ్గరికి వెళ్లి, దినపత్రికలో చుట్టి ఇంటికి తెచ్చుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం ఉదయం ఆరింటికే మొదలుపెట్టి, మీరందరూ చెప్పినట్టే చేశాను. షీటు కోసి అంచు చూశాను, ఆ గీతలు నిజంగానే కనిపించాయి. రెండో షీటు దగ్గర వేలికి జిడ్డు తగిలితే పది నిమిషాలు ఆగాను. కూరలో పుట్నాల పొడి వేశాను. 200 డిగ్రీలు, కింది అర, ఇరవై నాలుగు నిమిషాలు. పన్నెండో నిమిషంలో అద్దం లోంచి చూస్తుండగానే అంచులు మెల్లగా పైకి లేచాయి. ట్రేలో ఈసారి చెంచాడు నెయ్యి కూడా కారలేదు. అడుగు ఎర్రగా కాలింది. ఒకటి మాత్రం గాటు పెట్టడం మరిచిపోవడంతో పక్కన విచ్చుకుంది. అత్తగారు పాలు పూసినవి రెండు తిని, కారం ఇంకాస్త పడాలన్నారు. అబ్బాయి మూడు తిన్నాడు.

పచ్చివి ఎనిమిది ఫ్రీజర్‌లో ఉన్నాయి. రేపు ఆరుంబావుకు ఓటీజీ వేసి, ఆరున్నరకు నాలుగు పెడతాను, ఏడింటికి బాక్సులో ఉంటాయి.