మలావీలో బైబిలు పాఠశాల మరమ్మతు: మనుషులు వెళ్ళాలా, డబ్బు పంపితే చాలా?

ఒంగోలు కోశాధికారి:

అందరికీ వందనాలు. నేను ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. ఒంగోలులో ఒక బాప్టిస్టు సంఘానికి కోశాధికారిని.

ఆఫ్రికాలోని మలావీ దేశంలో, బ్లాంటైర్ నగరానికి కొంత దూరంలో చిన్న బైబిలు పాఠశాల ఒకటి ఉంది. పల్లె సంఘాల కాపరులు అక్కడ చదువుకుంటారు. దాన్ని నడిపే పెద్దాయన మన దేశంలో వేదాంతం చదివారు. ఆ రోజుల్లో సెలవులకు మా ఇళ్ళలోనే ఉండేవారు. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను వచ్చినప్పుడు వాళ్ళ వసతిగృహం వెనక గోడ కూలి, కప్పు సగం పడిపోయింది. గ్రంథాలయంలోకి నీళ్ళు వచ్చాయి. విద్యార్థులు ఇప్పటికీ తరగతి గదిలో చాపలు పరుచుకుని పడుకుంటున్నారు. వసతిగృహం అరవై అడుగుల పొడవు, ఇరవై నాలుగు అడుగుల వెడల్పు.

మా యౌవనస్తులు పదిమంది జట్టుగా వెళ్ళి బాగుచేసి వస్తామంటున్నారు. పెద్దల్లో సగంమంది ఆ విమాన ఛార్జీలతో కప్పంతా కొత్తగా వేయించవచ్చని, డబ్బు పంపేస్తే సరిపోతుందని అంటున్నారు. లెక్క చూస్తే వారి మాట నిజమే. కానీ ఆయన ఉత్తరంలో "మీరు రండి" అని రాశారు, "పంపండి" అని రాయలేదు. ఆ మాటను పక్కన పెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు. కట్టుబడి పని తెలిసినవారు, ఇలాంటి సేవలో ఉన్నవారు సలహా చెప్పండి.

కావలి తాపీమేస్త్రి:

అమ్మా, మీ పెద్దలూ పిల్లలూ కప్పు గురించే మాట్లాడుకుంటున్నారు. నా చూపు మాత్రం గోడ దగ్గర ఆగింది. ముందు గోడ కూలింది, తర్వాత కప్పు పడింది అని మీరే రాశారు. అలాంటప్పుడు జబ్బు గోడలో ఉంది. నానిపోయిన గోడల మీద కొత్త రేకులు వేస్తే మరో పెద్ద వానకు రేకులతో సహా కూలుతుంది. అప్పుడు కింద పిల్లలుంటారు.

అక్కడి పల్లెల్లో ఇటుక కాల్చిందే అయినా, మధ్యలో సిమెంటుకు బదులు బంకమట్టి పెట్టి కట్టడం ఉంది. ఎండాకాలంలో ఆ గోడకు ఏ లోటూ కనిపించదు. రోజుల తరబడి వాన కొడితే అడుగు వరసల్లో మట్టి కరిగి ఇటుకల మధ్య పట్టు పోతుంది. మీవాళ్ళు టిక్కెట్లు కొనకముందే ఆ పెద్దాయనను ఒక పని చేయమనండి. మిగిలిన మూడు గోడల దగ్గరా, నేలకు జానెడు ఎత్తున, ఇటుకల సందులో మేకుతో గీకి ఫోటో తీయమనండి. మేకు వేలెడు లోతుకు సులువుగా దిగితే ఆ గోడను నమ్మకూడదు. గట్టిగా ఉంటే సందులను అంగుళం లోతు వరకు గీకేసి సిమెంటు నింపాలి. అడుగున మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత, గోడ చుట్టూ నీళ్ళు నిలవకుండా కాలువ ఉండాలి. కాలువ తవ్వకుండా మిగతావన్నీ చేసినా ఫలితం ఉండదు.

ఇక కప్పు. 1989 నవంబరులో గే తుఫాను మా కావలి దగ్గరే తీరం దాటింది. అప్పుడు నేను పనిలో కొత్తవాణ్ణి. ఆ తర్వాత చాలా నెలలు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కప్పులు వేయడమే మా పని. విడి రేకు చిరిగి ఎగిరిపోయిన ఇళ్ళు తక్కువ. వాసంతో సహా లేచిపోయిన కప్పులే ఎక్కువగా చూశాను. గాలి చూరు కింద దూరి కప్పును పైకి ఎత్తుతుంది. గోడ మీద చుట్టూ కాంక్రీటు బెల్టు వేసి, అందులోంచి పైకి తీసిన ఇనుప పట్టీతో వాసాన్ని బిగించాలి. చూరు దగ్గరా వెన్నుదూలం దగ్గరా స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి, ఎందుకంటే గాలి ముందు పట్టుకునేది ఆ అంచులనే. వీలుంటే రెండు పల్లాల కప్పుకు బదులు నాలుగు పల్లాల కప్పు వేయమనండి. రేకు కాస్త ఎక్కువ పడుతుంది గానీ గాలికి తట్టుకుంటుంది. చెక్కకు చెదలమందు పూయకుండా పైకి ఎక్కించవద్దు.

పదిమంది వద్దు, నలుగురు చాలు. ఆ నలుగురూ పని వచ్చినవాళ్ళు కావాలి, ఆ ఊరి మేస్త్రి మాట కింద పని చేయాలి. అక్కడి ఇటుక సంగతి, మట్టి సంగతి ఆయనకు తెలిసినంతగా మనకు తెలియదు. మన దగ్గర ఆయనకు పనికొచ్చేది తుఫాను తర్వాత కప్పు వేసిన అనుభవం. మిగిలిన ఆరుగురి టిక్కెట్ల డబ్బును ఆ ఊరి కూలీలకు, మేస్త్రులకు రోజుకూలిగా ఇవ్వండి. పైనుంచి వచ్చినవాళ్ళు ఉచితంగా ఇటుకలు మోస్తుంటే ఊళ్ళో కూలిపని చేసేవాడు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడాల్సి వస్తుంది. అది నాకు బాధగా ఉంటుంది.

రామాయపట్నం వేదాంత కళాశాల పూర్వ విద్యార్థి:

సహోదరీ, మేస్త్రి గారు చివర్లో చెప్పిన మాటకు మన జిల్లా చరిత్రలోనే ఆధారం ఉంది. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆకలితో వచ్చిన జనానికి కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకున్నారు. జనం పని చేసి కూలి తీసుకున్నారు. ఆ పనులు సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు, తిండి కోసం ఎవరూ విశ్వాసులమని చెప్పుకోకూడదని. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకోవడం గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందున్న ఈ నిగ్రహం గురించి తక్కువగా చెప్పుకుంటాం. మీ జట్టు బయలుదేరే ముందు ఆదివారం ఇది చెప్పండి.

నేను రెండో వైపు కూడా చూశాను. కాపరిగా నేను పనిచేసిన ఒకచోట, చదువుకునే పిల్లల వసతిగృహానికి విదేశాల నుంచి ఒక జట్టు వచ్చింది. ప్రేమగల మనుషులు. గోడలన్నిటికీ రంగులు వేసి, పిల్లలతో పాటలు పాడి, కన్నీళ్ళతో వీడ్కోలు తీసుకున్నారు. ఆ వసతిగృహంలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు సరిగా పడదు, నీటి పంపు పనిచేయదు. మీకు ఏమి కావాలని వాళ్ళను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. అందుకే నా మనవి, పాఠశాల పెద్దాయనతో పాటు విద్యార్థులను కూడా అడిగించండి. రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు, నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు, వంట ఎక్కడ చేసుకుంటున్నారు అనేవి వాళ్ళకే తెలుసు.

ఫోటోల సంగతి కూడా. చాప మీద పడుకున్న కాపరిని అతని అనుమతి లేకుండా ఫోటో తీసి మన సంఘంలో తెరమీద చూపించవద్దు. అతను తన ఊళ్ళో గౌరవం గల మనిషి.

నెల్లూరు ఆడిటర్ కార్యాలయం నుంచి:

మేడమ్, డబ్బు పంపడం అనుకున్నంత సులువు కాదు, ఇది మీ పెద్దలకు చెప్పండి. విదేశీ విరాళాల చట్టం బయటి నుంచి మనకు వచ్చే డబ్బుకు సంబంధించింది. మనం బయటికి పంపేదానికి నియమాలు వేరు. నమోదైన ధర్మసంస్థ తన ఆదాయాన్ని భారతదేశం వెలుపల ఖర్చు చేస్తే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి లేకుండా సాధారణంగా పన్ను మినహాయింపు దక్కదు. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు, అందులో విరాళం కూడా వస్తుంది. కానీ ఆ సౌకర్యం వ్యక్తులకే, ట్రస్టులకు, సొసైటీలకు లేదు. కాబట్టి సంఘం ఖాతా నుంచి ఒక్క రూపాయి కదిలించే ముందు మీ ఆడిటరును, బ్యాంకును అడగండి.

ఇంకొకటి. మలావీ 2023 నవంబరులో తన కరెన్సీ క్వాచా విలువను బాగా తగ్గించింది. అంతకు ముందు వేసిన అంచనా కాగితాలు ఉంటే పక్కన పెట్టి, సిమెంటు, రేకులు, చెక్క ధరలు కొత్తగా తెప్పించుకోండి. సామాను కొన్న ప్రతిసారీ రసీదు తీసుకుని రెండు సంఘాల దగ్గరా ఒక్కో ప్రతి ఉంచండి.

డర్బన్‌లో నెల్లూరువాడు:

టీచరమ్మ గారూ, మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. 1903లో మన తెలుగు బాప్టిస్టు హోమ్ మిషన్ సొసైటీ జాన్ రంగయ్య గారిని ఇక్కడికి, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపింది. చెరకు, తేయాకు తోటల్లో కూలికి వచ్చిన తెలుగువాళ్ళ మధ్య, కియర్స్నీలో ఆయన సంఘాన్ని స్థాపించారు. ఆఫ్రికాకు సేవకు వెళ్ళడం ఒంగోలు, నెల్లూరు సంఘాలకు కొత్త కాదు, మీ యౌవనస్తులకు ఇది తెలియాలి.

మీరు వెళ్ళే ప్రాంతం చరిత్ర కూడా చిన్నది కాదు. బ్లాంటైర్ పక్కన చిరాద్జులులో జాన్ చిలెంబ్వే అనే బాప్టిస్టు బోధకుడు 1900లో మిషన్ మొదలుపెట్టారు. 1913లో పెద్ద ఇటుకల ఆలయం పూర్తి చేశారు. 1915లో వలస పాలనపై ఆయన తిరుగుబాటు చేసి చనిపోయాక ప్రభుత్వం ఆ ఆలయాన్ని పేల్చివేసింది. తర్వాత ఆ సంఘం మళ్ళీ కట్టుకుంది. చిలెంబ్వే బొమ్మ మలావీ నోట్ల మీద ఉంటుంది, జనవరి 15న ఆయన పేరిట సెలవు. ఈ కథ తెలియకుండా మీ జట్టు అక్కడ అడుగుపెట్టకూడదని నా కోరిక. కూలిన ఆలయాన్ని తిరిగి కట్టుకోవడం వాళ్ళకు మనం నేర్పాల్సిన విద్య కాదు.

వానలు నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. గోడపని మే తర్వాతే పెట్టుకోండి. జూన్, జూలైలో ఆ కొండ ప్రాంతంలో చలి, సన్నటి ముసురు ఉంటాయి, స్వెట్టర్లు తప్పనిసరి. కరెంటు మనలాగే 230 వోల్టులే గానీ ప్లగ్గులకు చదరపు పిన్నులు మూడు ఉంటాయి, డ్రిల్లింగ్ మిషనుకు మార్పిడి ప్లగ్గు తీసుకెళ్ళండి. మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది, ముందే వైద్యుణ్ణి కలిసి మాత్రలు రాయించుకోండి. విమానం అడ్డిస్ అబాబా లేదా నైరోబీ మీదుగా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా పత్రం దగ్గర ఉండాలి. టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. వీసాలో వెళ్ళే పని ఉన్నదున్నట్టు రాయండి. భోజనానికి న్సీమా పెడతారు, మొక్కజొన్న పిండితో చేసే సంకటి. మన పచ్చడి సీసా వాళ్ళ ముందు పెడితే సంతోషంగా రుచి చూస్తారు.

ఒంగోలు కోశాధికారి:

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ అచ్చు తీసి నిన్న సంఘ పెద్దల సమావేశంలో చదివాను. నలుగురే వెళ్ళాలని ఒప్పుకున్నారు. తాపీపనికి ఒకరు, వడ్రంగి ఒకరు, కరెంటు పనికి ఒకరు, తడిసిన పుస్తకాలను వేరుచేసి గ్రంథాలయం సర్దడానికి మా స్త్రీల సమాజం నుంచి లైబ్రేరియన్‌గా పనిచేసిన అమ్మాయి. యౌవనస్తులు నిరాశపడ్డారు. కానీ అక్కడి కూలీల రోజుకూలి కోసం కానుకలు పోగుచేసే బాధ్యత తమదని వాళ్ళే ముందుకొచ్చారు, నాకు కళ్ళు చెమర్చాయి. గోడల ఫోటోలు, విద్యార్థుల జవాబులు కావాలని ఉత్తరం రాశాం. ఆడిటరును బుధవారం కలుస్తున్నాను.

మేస్త్రి గారూ, మాకున్న తాపీపనివాడు మంచివాడే గానీ తుఫాను తర్వాత కప్పు వేసినవాడు కాదు. మీరు వస్తారా?

కావలి తాపీమేస్త్రి:

పాస్‌పోర్టు ఉందమ్మా, మా అమ్మాయిని చూడటానికి కువైట్ వెళ్ళినప్పుడు తీసుకున్నది. గడువు చూసి చెబుతాను. మీ తాపీపనివాణ్ణి కూడా తీసుకురండి, అతను నేర్చుకోవాలి. ముందు ఆ మేకు ఫోటోలు రానివ్వండి. అవి చూడకుండా నేను మాట ఇవ్వను. గోడలు పనికిరావని తేలితే కప్పు డబ్బుతో పునాది నుంచి రెండు గదులే కట్టిద్దాం, మిగిలినవి వచ్చే ఏడు.