తుపానులోకి దూసుకెళ్లే విమానం చెప్పే గాలి వేగాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (దివిసీమవాసి, కూకట్‌పల్లి):
అమెరికాలో హరికేన్ వచ్చినప్పుడల్లా విమానాలు దాని కంటిలోకి వెళ్లి గాలి వేగాన్ని కొలిచాయని వార్తల్లో చదువుతుంటాను. మూడు కిలోమీటర్ల ఎత్తున, గంటకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో తానే పోతున్న విమానం, బయటి గాలిని విడిగా ఎలా చెప్పగలదు? ఆ అంకె సముద్రం మీది గాలికి వర్తిస్తుందా? 1977 ఉప్పెనను కళ్లారా చూసిన మా నాన్నగారికి ఏమని చెప్పాలో తెలియక అడుగుతున్నాను.

జవాబు 1 (విశ్రాంత మెకానిక్, బేగంపేట):
పిటో గొట్టం గాలితో పోలిస్తే విమానం ఎంత వేగంగా పోతున్నదో చెబుతుంది. జీపీఎస్ నేలతో పోలిస్తే ఎంత వేగమో చెబుతుంది. దిశతో సహా ఈ రెండింటి తేడాయే గాలి. రెండు పెద్ద అంకెల మధ్య తేడా కనుక, ముక్కు దిశలో ఒక్క డిగ్రీ పొరపాటు జరిగినా అడ్డగాలి లెక్క గంటకు ఏడు కిలోమీటర్ల దాకా తప్పుతుంది. పిటో గొట్టం లెక్కకు బయటి ఉష్ణోగ్రత కూడా కావాలి కనుక, మేఘంలో ఉష్ణోగ్రత పరికరం తడిసినా లెక్క కొంత చెడుతుంది. అయినా విమానం ఎగిరే ఎత్తున ఈ కొలత గట్టిదేనని నా అభిప్రాయం.

జవాబు 2 (వాతావరణ శాస్త్ర విద్యార్థిని, గచ్చిబౌలి):
మెకానిక్ గారి మాట నిజమే కానీ, అసలు చిక్కు ఆ కొలతను కిందికి దించడంలో ఉంది. 1992లో ఆండ్రూ హరికేన్ వచ్చినప్పుడు పై గాలిలో 75 నుంచి 80 శాతమే ఉపరితలానికి చేరుతుందని లెక్కగట్టి, గంటకు 145 మైళ్లని, హరికేన్ల తీవ్రతను చెప్పే ఐదు తరగతుల్లో నాలుగోదని ప్రకటించారు. 1997 నుంచి విమానాల్లోంచి జారవిడిచే జీపీఎస్ డ్రాప్‌సాండ్‌లు (కిందికి పడుతూ గాలిని కొలిచే చిన్న పరికరాలు) కంటి గోడ, అంటే కంటి చుట్టూ గాలులు అతి బలంగా వీచే మేఘాల వలయం దగ్గర ఆ వాటా దాదాపు 90 శాతమని చూపించాయి. దాంతో 2002లో ఆండ్రూను 165 మైళ్లకు, ఐదో తరగతికి పెంచారు. విమానం కొలిచినది మారలేదు, దాన్ని గుణించిన సంఖ్య మారింది.

డ్రాప్‌సాండ్‌కూ పరిమితి ఉంది: అది పడిన చోట, పడిన క్షణంలో ఉన్న గాలినే చెబుతుంది, అది ఒక విసురు కావచ్చు. అందుకే చివరి 150 మీటర్ల సగటును చూస్తారు. విమానానికి అమర్చిన ఎస్ఎఫ్ఎంఆర్ అనే మైక్రోవేవ్ రేడియోమీటరు సముద్రపు నురగ వెలువరించే వికిరణాన్ని బట్టి గాలిని ఊహిస్తుంది. వాన ప్రభావాన్ని వేరుచేయడానికి పలు పౌనఃపున్యాలను వాడుతుంది. నురగ తక్కువగా ఉండే బలహీనపు గాలుల్లోనూ, అలలు విరిగే లోతు తక్కువ నీటిలోనూ దాన్ని పూర్తిగా నమ్మలేము. ఈ మూడూ ఒకే మాట చెప్పినప్పుడే నేను ఆ అంకెను నమ్ముతాను.

దివిసీమవాసి:
ధన్యవాదాలు. మరి మన బంగాళాఖాతంలో?

జవాబు 2:
ఇక్కడ అలాంటి విమానాలు క్రమం తప్పకుండా తిరగవు. ఉపగ్రహ చిత్రాల్లో మేఘాల ఆకృతిని చూసి ద్వొరాక్ పద్ధతిలో అంచనా వేస్తారు. తీరానికి దగ్గరైతే విశాఖపట్నం, మచిలీపట్నం రాడార్లు తోడవుతాయి. పైగా మన వాతావరణ శాఖది మూడు నిమిషాల సగటు, అమెరికా వారిది ఒక నిమిషానిది. కనుక 2014 హుద్‌హుద్ అంకెను ఆండ్రూ అంకె పక్కన నేరుగా పెట్టి పోల్చకండి.