బెడెలియా: బెల్టుతో గేరు మార్చేది ఎట్లా?

అలిపిరి వర్క్‌షాప్:
తిరుపతిలో కాలేజీ ఎగ్జిబిషన్‌కి బెడెలియా సైకిల్‌కారు (మోటార్‌సైకిల్‌కీ కారుకీ మధ్యస్థంగా ఉండే తేలికపాటి చిన్న బండి) నడిచే మోడల్ చేస్తున్నాం. పారిస్‌లో బూర్బో, దెవో 1910లో మొదలుపెట్టిన బండి. ఫోటోల్లో గేర్‌బాక్స్ కనపడటం లేదు. రెండు స్పీడ్లు ఎట్లా వచ్చేవి? డ్రైవరు నిజంగా వెనకే కూర్చునేవాడా?

పాత ఇంజన్లు:
అవును తమ్ముడూ, వెనకే. మనిషి వెనక మనిషి కూర్చునే ఇరుకు బండి అది. క్లచ్చైనా గేరైనా ఆ బెల్టులే. ఇంజన్ నుంచి అడ్డ షాఫ్టుకి చైను, షాఫ్టు నుంచి ఒక్కో వెనక చక్రానికి ఒక్కో పొడవాటి బెల్టు. లివరు లాగితే వెనక ఇరుసు ముందుకు జరిగి బెల్టులు వదులవుతాయి. అప్పుడు వాటిని ఒక పుల్లీ మీంచి ఇంకోదాని మీదికి తప్పించాలి. తొలి బండ్లలో ఆ పని ముందు కూర్చున్నవాడిది, కర్రతో!

మోడల్‌కి లెక్క: షాఫ్టు పుల్లీలు 40, 60 మి.మీ., చక్రం పుల్లీ 240 పెడితే నిష్పత్తులు 6, 4. చిన్నదాని నుంచి పెద్దదానికి మారితే బెల్టు సుమారు 30 మి.మీ. ఎక్కువ కావాలి, అంటే ఇరుసు 15 మి.మీ. ముందుకు రావాలి. బెల్టు తప్పించడానికి వదులు కూడా కావాలి కాబట్టి ఇరుసు గాడి 40 మి.మీ. కోయండి.

చిత్తూరు లేత్:
రెండు బెల్టులూ ఒకే పొడవుండాలి. ఒకటి సాగిందంటే ఒక్క చక్రమే లాగుతుంది, బండి పక్కకి పోతుంది. మలుపులో రెండు చక్రాల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ దీనికి లేదు, బెల్టు కొంచెం జారడమే ఆ పని చేస్తుంది. అందుకని మరీ బిగించొద్దు. చెరకు గానుగ బెల్టు తడిస్తే ఎట్లా జారుతుందో తెలుసుగా, వానలో ఇదీ అంతే.

స్టీరింగ్ కూడా చూసుకోండి. ముందు ఇరుసు నడిమి మేకు మీద మొత్తంగా తిరుగుతుంది, దాన్ని తిప్పే కేబులు స్టీరింగ్ రాడ్డు మీది బాబిన్‌కి (దారపు రీలులాంటి చిన్న డ్రమ్ముకి) చుట్టుకుంటుంది. కేబులు వదులైతే బండి ఊగుతుంది. ఒక చక్రానికి రాయి తగిలినా ఇరుసంతా పక్కకి తిరిగిపోతుంది.

అలిపిరి వర్క్‌షాప్:
థాంక్స్ అన్నా. ఫ్రాన్స్‌లోని అమియెన్స్‌లో 1913లో జరిగిన సైకిల్‌కారు రేసు గెలిచింది ఇదేనా? బోర్డు మీద రాయాలి.

పాత ఇంజన్లు:
జాగ్రత్తగా రాయి తమ్ముడూ. గీత ముందు దాటింది మెక్‌మిన్నీస్ నడిపిన మోర్గాన్. దానికి మూడే చక్రాలని సైకిల్‌కారుగా ఒప్పుకోలేదు, గెలుపు బూర్బో బెడెలియాకి ఇచ్చారు. రెండు పేర్లూ పెట్టడమే న్యాయం. తయారీ 1925లో ఆగింది. 1922లోనే సిట్రోయెన్ 5సీవీ, ఆస్టిన్ సెవెన్ నాలుగు సిలిండర్లు, అసలు గేర్‌బాక్సుతో వచ్చేశాయి. ఆ తర్వాత బెల్టు బండిని కొనేదెవరు?