టేకాఫ్ కాగానే ఇంజన్ ఆగితే మైక్రోలైట్‌ను వెనక్కి తిప్పకూడదా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎన్‌సీసీ వైమానిక విభాగంలో క్యాడెట్. త్వరలో శిక్షకుడితో కలిసి మైక్రోలైట్‌లో, అంటే చాలా తేలికైన చిన్న విమానంలో, ఎగరబోతోంది. 2020 ఫిబ్రవరిలో పటియాలాలో ఎన్‌సీసీ మైక్రోలైట్ టేకాఫ్ అయిన కొద్దిసేపటికే కూలి, వాయుసేన అధికారి ఒకరు మరణించిన సంగతి గుర్తొచ్చి మనసు కుదురుగా లేదు. ఆ ప్రమాదానికి కారణాలు అడగడం లేదు. రన్‌వే వెనకే ఉన్నప్పుడు, ఇంజన్ ఆగితే తిరిగివచ్చి దానిమీదే దిగడం క్షేమం కాదా?

సమాధానం 1:
కాదండీ. రన్‌వే దగ్గరే ఉంటుంది గానీ, అక్కడికి చేరడానికి కావలసిన ఎత్తు ఉండదు. ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు ఇంజన్ ఆగితే, ఇంత తేలికైన విమానం వేగం క్షణాల్లో పడిపోతుంది కనుక, వెంటనే ముక్కు దించాలి. దాంతోనే కొంత ఎత్తు పోతుంది. ఆపైన సగం చుట్టు తిరిగితే సరిపోదు, ఎందుకంటే అప్పటికి విమానం రన్‌వేకు పక్కగా ఉంటుంది. ఇంకా తిరిగి, మళ్లీ సరిచేసుకోవాలి. త్వరగా తిప్పాలని రెక్కను బాగా వాల్చి, ఎత్తు పోకుండా ముక్కును పట్టి ఉంచితే స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం) పెరుగుతుంది. మామూలుగా గంటకు 60 కిలోమీటర్ల వద్ద స్టాల్ అయ్యేది, 60 డిగ్రీల వాలులో దాదాపు 85 వద్దే స్టాల్ అవుతుంది. ఎదురుగాలి కూడా ఇప్పుడు వెనక నుంచి తోస్తుంది. నేల వేగంగా కదులుతున్నట్టు కనిపించి, వేగం ఎక్కువైందనుకుని పైలట్ తెలియకుండానే ముక్కు పైకి లాగుతాడు. ప్రాణం తీసేది ఎక్కువగా ఇదే.

సమాధానం 2:
పైన గుడ్డ రెక్క, కింద మూడు చక్రాల బండి ఉండే రకం మైక్రోలైట్‌లో పైలట్ పట్టుకునే అడ్డకడ్డీని (బార్‌ను) ఛాతీ వైపు లాక్కుంటేనే ముక్కు దిగుతుంది. ముందుకు తోస్తే ముక్కు దిగే స్టిక్ (నియంత్రణ కర్ర) ఉన్న విమానాలకు అలవాటుపడిన చేయి కంగారులో బార్‌ను ముందుకు తోస్తే ముక్కు ఇంకా పైకి లేస్తుంది. అందుకే ఒక రకం నుంచి మరో రకానికి మారేటప్పుడు మళ్లీ శిక్షణ తప్పనిసరి అంటాను.

సమాధానం 3:
ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉంది. 42 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి 1,600 మీటర్ల ఎత్తులో ఉండేంత పలుచబడుతుంది. టేకాఫ్ పరుగు పొడవవుతుంది, ఎక్కుడు మందగిస్తుంది, కనుక ఇంజన్ ఆగేసరికి ఉండే ఎత్తు ఇంకా తక్కువ. ఉదయం చల్లదనంలో ఎగరడమే మేలు.

ప్రశ్న అడిగినవారు:
మరి అప్పుడు చేయవలసింది ఏమిటి?

సమాధానం 1:
ముక్కు దించి, కుడికో ఎడమకో కొద్దిగా మాత్రమే మళ్లి, ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో దిగాలి. విమానం విరిగినా, అదుపులో ఉండి నేలను తాకితే మనుషులు బతికే అవకాశం ఎక్కువ. ఎక్కడ దిగాలన్నది రన్‌వే మీద కదలకముందే పైలట్లు బయటికి వినిపించేలా చెప్పుకుంటారు. మీ అమ్మాయిని ఆ మాట శిక్షకుడి నోట వినమనండి, చెప్పకపోతే అడగమనండి.